33 ఏళ్లకే గర్భసంచి తీసేశారు.. ఈ ఆవిర్లు మెనోపాజ్ వల్లేనా?

ప్రశ్న: నా వయసు 39. మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి వెళ్తాను. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని 33వ ఏట గర్భసంచి తీసేశారు. ఆపరేషనై నెల తిరక్కముందే ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయి. రాత్రిళ్లు జాకెట్టు తడిసిపోయేంత చెమట, నిద్ర ఉండదు. కీళ్ల నొప్పులు. ఊరికే కోపం, వెంటనే ఏడుపు. భర్తతో కలిస్తే మంట. ఆర్ఎంపీ దగ్గర నొప్పి మాత్రలు తెచ్చుకుంటున్నాను. మా అత్తగారు ఇదంతా వేడి అంటూ సబ్జా నీళ్లు, మజ్జిగ ఇస్తారు. ఇది మెనోపాజేనా? హార్మోన్ మాత్రలు వాడితే క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమా? మా చెల్లికి 35 ఏళ్లు. తనకూ గర్భసంచి తీసేయాలన్నారట. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: మీరు రాసినవన్నీ మెనోపాజ్ లక్షణాలకు సరిపోతున్నాయి. ఆరేళ్లుగా వీటిని భరిస్తున్నారంటే చాలా బాధగా ఉంది. ఇది మీ భ్రమా కాదు, ఓర్పు లేకపోవడమూ కాదు. దీనికి వైద్యం ఉంది, మీకిది ఎప్పుడో అందాల్సింది.

మన దేశంలో ఆడవాళ్లకు సాధారణంగా 46, 47 ఏళ్ల ప్రాంతంలో ముట్టు ఆగుతుంది. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చిందంటాం. మీకు గర్భసంచే లేదు కాబట్టి ఆ లెక్క మీకు పనికిరాదు. మీ విషయంలో చూడాల్సింది ఒక్కటే: అండాశయాలు ఉన్నాయా, అవీ తీసేశారా?

గర్భసంచి తీసేస్తే హార్మోన్లు ఆగిపోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆడవాళ్ల ముఖ్యమైన హార్మోన్ ఈస్ట్రోజెన్ ప్రధానంగా తయారయ్యేది దానికి అటూ ఇటూ ఉండే అండాశయాల్లో. వాటిని ఉంచి గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగిపోతుంది గానీ హార్మోన్లు ఇంకా కొన్నేళ్లు తయారవుతూనే ఉంటాయి. మామూలు కంటే కాస్త ముందే తగ్గిపోవచ్చు, అంతే. రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం, ఏళ్ల తరబడి మెల్లగా తగ్గాల్సిన ఈస్ట్రోజెన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. మీకు నెలలోపే ఆవిర్లు మొదలయ్యాయన్నారు. దాన్నిబట్టి రెండూ తీసేసి ఉంటారని నా అనుమానం.

ఇంట్లో డిశ్చార్జ్ కాగితం ఉంటే తీసి చూడండి, లేదా చదివేవాళ్లకు చూపించండి. ఆపరేషన్ పేరు దగ్గర ‘టీఏహెచ్’ అని మాత్రమే ఉంటే తీసింది గర్భసంచి ఒక్కటే. దాని పక్కన ‘బీఎస్ఓ’ అని కూడా ఉంటే రెండు వైపులా ట్యూబులు, అండాశయాలు కూడా తీసేశారు. బయాప్సీ రిపోర్టు ఉంటే ల్యాబుకు ఏమేం పంపారో అందులోనూ రాసి ఉంటుంది. కాగితాలు పోయినా కంగారు వద్దు. స్కానింగ్, ఎఫ్ఎస్‌హెచ్ అనే రక్తపరీక్షతో తెలిసిపోతుంది. పనిలో పనిగా థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి, అది తేడాగా ఉన్నా చెమటలు, చిరాకు ఉంటాయి. రాత్రి చెమటలతో పాటు సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడం లాంటివి ఉంటే టీబీ పరీక్ష తప్పనిసరి.

ఇక మీరు భయపడుతున్న హార్మోన్ మాత్రల సంగతి. ఈ భయం ఎక్కువగా 2002లో మొదలైంది. అమెరికాలో ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడిన వాళ్లలో ఏడాదికి 10,000 మందికి 8 మంది చొప్పున అదనంగా రొమ్ము క్యాన్సర్ కనిపించింది. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. అయితే ఆ అధ్యయనంలో ఉన్నవాళ్ల సగటు వయసు 63. మీకు 39. పైగా, గర్భసంచి లేని వాళ్లకు అదే అధ్యయనంలో ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఈ రెండో మాట జనంలోకి వెళ్లలేదు. ప్రొజెస్టిన్ అనే రెండో హార్మోన్‌ను గర్భసంచి పొరను కాపాడటానికి ఇస్తాం. మీకు గర్భసంచి లేదు కాబట్టి సాధారణంగా ఈస్ట్రోజెన్ ఒక్కటి సరిపోతుంది.

మీ వయసులో ఈస్ట్రోజెన్ ఇవ్వడమంటే, థైరాయిడ్ గ్రంథి పనిచేయని మనిషికి థైరాయిడ్ మాత్ర ఇచ్చినట్టే. ఒంట్లో ఉండాల్సింది లేదు, దాన్ని భర్తీ చేస్తున్నాం. అందుకే దీన్ని ఇంచుమించు 50 ఏళ్ల దాకా వాడమంటాం, ఆ తర్వాత అవసరాన్ని బట్టి ఆలోచిస్తాం. రొమ్ము క్యాన్సర్, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు మామూలుగా ఇవ్వం. వాళ్లకు ఆవిర్లు తగ్గించే వేరే మందులున్నాయి. మాత్రలే కాదు, చర్మానికి రాసుకునే జెల్, అంటించుకునే ప్యాచ్ కూడా దొరుకుతాయి. వాటితో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రల కంటే తక్కువ. దయచేసి మెడికల్ షాపులో అడిగి మాత్రం వేసుకోకండి. ముందు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, రొమ్ము పరీక్ష జరగాలి. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి గైనిక్ ఓపీలో చూపించుకోవచ్చు.

భర్తతో కలిసినప్పుడు మంట అని రాయడం మంచిదైంది. చాలామంది ఈ మాట డాక్టరుకు కూడా చెప్పరు, ఏళ్లకేళ్లు లోపలే దాచుకుంటారు. ఈస్ట్రోజెన్ లేక యోని లోపలి పొర పలచబడి పొడిబారుతుంది. మూత్రంలో మంట, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ కూడా దాని వల్లే రావచ్చు. దీనికి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది. మొదట రెండు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు. రక్తంలోకి చేరేది చాలా కొద్ది. మీ వారిని కూడా ఒకసారి ఓపీకి తీసుకెళ్లండి. మీరు దూరం జరుగుతున్నది ఇష్టం లేక కాదని డాక్టరు నోట వింటే ఆయనకు అర్థమవుతుంది.

మీ అత్తగారి మజ్జిగ మానకండి, ఎముకలకు మంచిదే. కాకపోతే అది ఈస్ట్రోజెన్ లోటు తీర్చదు. నాకు మీ ఆవిర్ల కంటే ఎముకల మీదే ఎక్కువ బెంగ. ఈస్ట్రోజెన్ పోయిన తొలి ఐదారేళ్లలోనే ఎముక బలం వేగంగా తగ్గుతుంది. మీకు ఆ ఆరేళ్లూ మందు లేకుండానే గడిచాయి. ఎముకల బలం కొలిచే డెక్సా స్కాన్ చేయించుకోండి, విటమిన్ డి చూపించుకోండి. రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, కాబట్టి రాగి సంకటో, జావో రోజూ ఉండనివ్వండి. పాలు, పెరుగు, నువ్వులు కూడా. యార్డులో రోజంతా వంగి కూర్చునే పని కాబట్టి రోజూ అరగంట చురుగ్గా నడవండి. నొప్పి మాత్రలు మాత్రం ఆపండి. ఏళ్ల తరబడి వాడితే కడుపులో పుండు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

కోపం, ఏడుపు కూడా నిద్ర కుదిరి, హార్మోన్ సర్దుకుంటే చాలావరకు తగ్గుతాయి. బతకాలనిపించనంత దిగులుంటే ఆగకుండా 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మీ చెల్లెలి గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎనిమిది మందికి పైగా ఉన్నారు. మన ఆడవాళ్ల గర్భసంచులే ఎక్కువ పాడవుతున్నాయంటే నేను నమ్మను. తెల్లబట్ట అవుతోందనో, పుండు పడిందనో, తీయకపోతే క్యాన్సరవుతుందనో భయపెడితే 35 ఏళ్లకే ఒప్పుకోవద్దు. కారణమేంటో కాగితం మీద రాసివ్వమనండి, ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి. రక్తం ఎక్కువ పోవడమే సమస్యైతే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కానింగ్, అవసరమైతే లోపలి పొర బయాప్సీ. తర్వాత రక్తస్రావం తగ్గించే ట్రనెక్సమిక్ యాసిడ్ మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్. లూప్ వేస్తే చాలామందికి రక్తస్రావం బాగా తగ్గి ఆపరేషన్ అవసరమే రాదు. పెద్ద గడ్డలుండి ఆపరేషన్ తప్పదంటే చేయించుకోవాల్సిందే. అప్పుడు సంతకం పెట్టే ముందు, అండాశయాలు బాగుంటే వాటిని ఉంచుతారా అని అడగమనండి. ఉంచుతామన్న మాట ఆ కాగితం మీదే రాయించుకోమనండి.