పాత ఫోన్లు కొని అమ్మడం పాకెట్ మనీయా, వ్యాపారమా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కోవూరు. రైసు మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. మావాడు నెల్లూరులో బీకాం రెండో సంవత్సరం. తెలిసినవాళ్ల దగ్గర, ఓఎల్ఎక్స్‌లో పాత ఫోన్లు కొని, రిపేరు చేయించి అమ్ముతున్నాడు. నెలకు ఆరేడు ఫోన్లు పోతాయి, ఖర్చులు పోను పన్నెండు వేల దాకా మిగులుతోందంటాడు. డబ్బంతా నా ఫోన్‌పేకే వస్తుంది. "ఇది బిజినెస్ ఏంటి నాన్నా, పాకెట్ మనీకి" అంటాడు. ఇన్‌కంటాక్స్ వాళ్లు పట్టుకుంటారేమో, రేపు గవర్నమెంటు ఉద్యోగానికి అడ్డమవుతుందేమోనని నాకు టెన్షన్. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించొద్దండీ. కానీ ఈ విషయంలో మీవాడి వాదన నిలవదు. అతను చేస్తున్నది వ్యాపారమే.

మీరు మూడేళ్లు వాడిన ఫోన్ అమ్మేశారనుకోండి, దాన్ని ఎవరూ వ్యాపారం అనరు. సొంతానికి వాడుకున్న ఫోన్, బీరువా, బైకు లాంటివి అమ్ముకుంటే వచ్చే డబ్బుకు పన్ను లేదు. నగలకు మాత్రం ఈ మినహాయింపు వర్తించదు. మీవాడు ఫోన్ కొనేదే అమ్మడానికి. డిస్‌ప్లే మార్పిస్తాడు, ఫొటోలు తీసి పెడతాడు, వచ్చిన డబ్బుతో ఇంకోటి కొంటాడు. షాపు లేదనో, బోర్డు లేదనో, చదువుకునే పిల్లవాడనో చట్టం వదిలిపెట్టదు. వ్యాపారం లాంటి ఒక్క ప్రయత్నం చేసినా దాన్ని వ్యాపార ఆదాయంగానే లెక్కేస్తుంది.

ఒక్కసారి చేసినా వ్యాపారమేనా అంటారేమో. బ్రిటన్‌లో 1929లో తీర్పు వచ్చిన ఒక కేసుంది. ఒకాయన సినిమా పని మీద బెర్లిన్ వెళ్లి, దివాలా తీసిన కంపెనీ దగ్గర పది లక్షల టాయిలెట్ పేపర్ చుట్టలు చవగ్గా కొని, మొత్తం ఒకే బేరంలో అమ్మేశాడు. ఒక్క బేరమే కదా అన్నా కోర్టు వినలేదు. అన్ని చుట్టలు ఇంట్లో వాడుకోవడానికి ఎవరు కొంటారు మరి! మన సుప్రీంకోర్టు కూడా 1958లో జి. వెంకటస్వామి నాయుడు కంపెనీ కేసులో ఇదే దారిలో వెళ్లింది. కొన్నప్పటి ఉద్దేశం, సరుకు రకం, ఎంత కొన్నారు, కొన్నాక ఏం చేశారు, ఎన్నిసార్లు చేశారు, ఇవన్నీ కలిపి చూడాలంది. ఏ లెక్కన చూసినా మీవాడు దొరికిపోతాడు.

అయితే వ్యాపారం అన్నంత మాత్రాన పన్ను పడుతుందని కాదు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు. మామూలు ఆదాయం 12 లక్షలు దాటనంతవరకు రిబేటుతో (పన్నులో ఇచ్చే తగ్గింపుతో) కట్టాల్సింది సున్నా అవుతుంది. మీవాడికి ఏడాదికి మిగిలేది లక్షన్నర. ఇక్కడ మీరు భయపడాల్సిందేమీ లేదు.

నాకు ఇబ్బందిగా కనిపించింది మీ ఫోన్‌పే. మీ జీతానికి పొంతన లేకుండా నెలనెలా అరవై, డెబ్బై వేలు మీ ఖాతాలో పడుతున్నాయి. అదంతా లాభం కాదు, అమ్మకం డబ్బు. కానీ ఆ సంగతి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉండదు కదా! రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. కాబట్టి ముందు అతని పాన్‌తో, అతని పేరు మీద విడిగా ఒక ఖాతా తెరిపించండి.

రెండోది నోటుబుక్. ప్రతి ఫోన్‌కూ ఒక వరుస: తేదీ, ఎవరి దగ్గర కొన్నాడు, ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), కొన్న ధర, రిపేరు ఖర్చు, అమ్మిన ధర. 6,500కు కొని, డిస్‌ప్లేకు 1,400 పెట్టి, 9,800కు అమ్మితే మిగిలింది 1,900. లెక్క ఇంత తేలికే. కొనేటప్పుడు *#06# నొక్కి ఐఎంఈఐ చూసుకుని, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూడాలి. అమ్మినవాళ్ల సంతకం, గుర్తింపు కార్డు కాపీ, దొరికితే పాత బిల్లు తీసుకోవాలి. మొహమాటపడి ఈ పని వదిలేశాడా, దొంగ ఫోన్ ఒక్కటి చేతికొస్తే చాలు, స్టేషన్ చుట్టూ తిరగాలి. పన్నుకంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

చట్టం బలవంతం లేకపోయినా ఇన్‌కంటాక్స్ రిటర్న్ వేయించమనే చెబుతాను. చిన్న వ్యాపారాలకు ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారం ఉంది. డిజిటల్‌గా వచ్చిన అమ్మకాల మీద కనీసం 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగా చూపిస్తే సరిపోయే పద్ధతి అది. మీవాడికి నిజంగా మిగిలింది అంతకంటే ఎక్కువ కాబట్టి ఉన్నదే చూపించాలి. ఎలాగూ పన్ను సున్నాయే. రెండు మూడేళ్ల రిటర్న్‌లు చేతిలో ఉంటే, రేపు ముద్ర లోన్ అడిగినా, షాపు పెట్టుకుంటానన్నా బ్యాంకులో మాట చెల్లుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మీవాడి అమ్మకాలు ఏడెనిమిది లక్షలే. కానీ మంచి రేటు వస్తోందని చెన్నైకి పార్సిల్ వేశాడంటే మాత్రం వేరే రాష్ట్రానికి అమ్మినట్టే, అప్పుడు ఈ పరిమితి పనికిరాదు. ప్రస్తుతానికి బేరాలు నెల్లూరు, కావలి దాటకుండా చూసుకోమనండి.

గవర్నమెంటు ఉద్యోగం సంగతికొస్తే, చదువుకునేటప్పుడు వ్యాపారం చేశాడని ఎవరూ తప్పుపట్టరు. ఉద్యోగంలో చేరాక మాత్రం 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. చేరేముందు మూసేయాలి. ప్రైవేటు కంపెనీ అయితే ఆఫర్ లెటర్‌లో ఏం రాశారో చదువుకోవాలి.

ఇంకో మాట. అకౌంట్స్ మీద అతనికి నిజంగా ఆసక్తి ఉంటే, బీకాంలో 55 శాతం తెచ్చుకుంటే సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా రెండో మెట్టు సీఏ ఇంటర్‌లో చేరొచ్చు. ఫోన్ల బేరాల్లో పడి ఆ మార్కులు పోగొట్టుకోకుండా చూడండి. పరీక్షల నెలలో కొనడం ఆపేసి, చేతిలో ఉన్నవి మాత్రం అమ్ముకోమనండి.