సంత వీధిలో కొత్త పెన్నీలు

ప్రశ్న: పెళ్లయిన కొత్తలో ఇంగ్లండులో ఓ ‘మార్కెట్ టౌన్’లో కాపురం పెట్టామని పోయిన సంచికలో రాశారు. మార్కెట్ టౌన్ అంటే మన సంత ఊరేనా? అంతా కొత్త కదా, ఎలా నెట్టుకొచ్చారు?
– ఒక పాఠకురాలు

జవాబు: సంత ఊరేనమ్మా. కాకపోతే అక్కడ ఒకప్పుడు సంత పెట్టాలంటే రాజుగారి పట్టా కావాలి. ఉన్న సంతకి ఆరు మైళ్ల పైచిలుకు దూరం లోపల ఇంకొకటి పెడితే తగువే. మనిషి రోజుకి 20 మైళ్లు నడుస్తాడు, అందులో పోవడానికి ఒక వంతు, బేరాలకి ఒక వంతు, తిరిగి రావడానికి ఒక వంతు అని వాళ్ల పాత లాయర్ల లెక్క.

మేమున్నది యార్క్‌షైర్‌లోని స్కిప్టన్. ఆ పేరుకి అర్థమే గొర్రెల ఊరు. పై కొసన కోట, దాని పక్కన చర్చి, అక్కణ్ణుంచి కిందికి దిగే వెడల్పాటి హైస్ట్రీట్. ఆ వీధికి రెండు వైపులా రాళ్లు పరిచిన జాగాలోనే సంత. ఇప్పటికీ వారానికి నాలుగు రోజులు జరుగుతుంది. క్యాబేజీ, క్యారెట్ గుట్టలు గుట్టలు. కొత్తిమీర కావాలంటే మాత్రం బ్రాడ్‌ఫర్డ్ బస్సెక్కాల్సిందే. ఆలివ్ నూనె మందుల షాపులో చిన్న సీసాలో అమ్మేవారు, చెవిలో వేసుకోవడానికి!

కూరగాయలాయన మొదటి రోజే నన్ను ‘లవ్’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి మావారికి చెబితే పడీ పడీ నవ్వారు. ఆయన్నీ అలాగే పిలుస్తాడట! అక్కడది మన ‘అమ్మా’, ‘నాయనా’ లాంటిదని తెలియడానికి నెల పట్టింది.

1971 జనవరిలో పోస్టల్ సమ్మె మొదలైంది. 47 రోజులు ఒక్క ఉత్తరం లేదు. ఇంట్లో ఫోన్ లేదు, మావారికేమో నైట్ డ్యూటీలు. నాతో నాలుగు మాటలు మాట్లాడేది ఆ కూరగాయలాయన ఒక్కడే.

ఆ సమ్మె మధ్యలోనే, ఫిబ్రవరి 15న, దేశమంతా డబ్బు మారింది. అంతకుముందు 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. ఆ రోజు నుంచి పౌండుకి 100 కొత్త పెన్నీలు. సరిగ్గా సోమవారం, సంత రోజు. నా ముందు ఓ పెద్దావిడ, తలకి స్కార్ఫు, చేతిలో కాలీఫ్లవరు. షిల్లింగు మూడు పెన్నీల పువ్వుని ఆయన “ఆరు” అనేసరికి మొహం చాటంత చేసుకుని ఆరు పాత పెన్నీలు లెక్కపెట్టింది. అవి పెద్దపెద్ద రాగి బిళ్లలు, ఆరుంటే అరచెయ్యి నిండిపోతుంది. ఆయన కాదన్నాడు. “అయితే అసలు డబ్బుల్లో ఎంత?” అని ఆవిడ టెన్షన్ పడింది. వెనకాల క్యూ పెరుగుతోంది.

నాకిది పాత పాఠమే. 1957లో మనకి అణాలు పోయి నయా పైసలొచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. అణాకి ఆరు పైసలా, ఆరుంపావా అని మా అమ్మమ్మ పాలవాడితో రోజూ పోట్లాట. అందుకే ధైర్యం చేసి ఆవిడ అరచేతిలో ఆ ఆరింటి పక్కన ఇంకో తొమ్మిది పాత పెన్నీలు పెట్టి, ఈ పదిహేనూ కలిపితే కొత్తవి ఆరుంపావు, ఆయన అడిగింది ఆరే, పావు మీకే మిగిలింది అన్నాను. మా దేశంలో పద్నాలుగేళ్ల క్రితమే ఇది అయిపోయిందని కూడా చెప్పాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “అయితే ఇది మీవాళ్ల పనేనన్నమాట!” అంది.

తర్వాతి సోమవారం దూరాన్నుంచే చెయ్యి ఊపింది. ఓ నెలపాటు ఆవిడ చిల్లర పర్సు నా చేతిలోనే. కూరగాయలాయన కూడా లెక్క తేలకపోతే ‘ఆమెనడగండి’ అనేవాడు. ఇంగ్లీషు మాట్లాడే భయం నాకు అక్కడే వదిలింది.

మార్చిలో సమ్మె విరమించాక ఉత్తరాలన్నీ కట్టగా వచ్చాయి. అన్నిటికంటే పైన అమ్మ ఉత్తరం: “అక్కడ డబ్బు మారుస్తున్నారట. నీకు లెక్కలు రావు, ఎవరైనా మోసం చేస్తారు. అల్లుడు లేకుండా బజారుకి వెళ్లకు.”