కైటోసాన్ స్కాఫోల్డ్‌లో గ్రాఫీన్ ఆక్సైడ్: ఎంత కలపాలి, ఎలా పరీక్షించాలి?

ఎముక కణాలను పెంచే కైటోసాన్ (రొయ్యల పెంకుల వంటి వాటి నుంచి తీసే పాలిమర్) స్కాఫోల్డ్‌లో, అంటే కణాలు అతుక్కుని పెరిగే చిల్లుల చట్రంలో, గ్రాఫీన్ ఆక్సైడ్ (ఆక్సిజన్ సమూహాలున్న పలుచని కార్బన్ పొరలు) ఎంత శాతం కలపాలని, ప్రాజెక్టుకు ఎంటీటీ పరీక్ష (కణాలు బతికున్నాయో లేదో రంగు మార్పుతో చూసే పరీక్ష) ఒక్కటే సరిపోతుందా అని అడిగారు. వరంగల్‌లో ఎం.టెక్. చదివే రోజుల్లో నేను ఇదే పదార్థం మీద పనిచేశాను. శాతం కన్నా ముందు మీ గ్రాఫీన్ ఆక్సైడ్ ఎంత శుభ్రంగా ఉందో తేల్చుకోండి.

శాతం మాటకు వస్తే, బరువులో 1 శాతం లోపే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. పొరల మీది ఆక్సిజన్ సమూహాలు కైటోసాన్‌లోని అమైన్ సమూహాలను గట్టిగా పట్టుకుంటాయి గనుక కొద్ది మోతాదుకే బలం పెరుగుతుంది. మోతాదు మించితే పొరలు ముద్దకట్టి స్కాఫోల్డ్ పెళుసవుతుంది. గ్రాఫీన్ ఆక్సైడ్‌ను పలుచని ద్రావణంగా చుక్కచుక్కగా కలపండి.

గ్రాఫీన్ ఆక్సైడ్ తయారీకి 1958 నాటి హమ్మర్స్ పద్ధతినే ఎంచుకుంటే, సల్ఫ్యూరిక్ ఆమ్లంలోని గ్రాఫైట్‌కు పొటాషియం పర్మాంగనేట్ చేర్చేంతసేపూ వేడి 20 డిగ్రీలు దాటకూడదు, ఎందుకంటే అందులో ఏర్పడే మాంగనీస్ హెప్టాక్సైడ్ వేడికి పేలగలదు. మన వైపు ఎండాకాలంలో కుళాయి నీళ్లే వేడిగా వస్తాయి కాబట్టి ఈ పని ఉదయాన్నే పెట్టుకోండి, ఐసు ఎక్కువగా తెచ్చుకోండి, ఒంటరిగా మాత్రం చేయకండి.

అసలు ఓపిక కడగడంలో కావాలి. మొదట సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే మాంగనీస్ అయాన్లు పోతాయి. ఆ తర్వాత నీటితో కడుగుతూ పోతే, ఆమ్లత్వం తగ్గేకొద్దీ పదార్థం ఉబ్బి జిగురుగా మారి, సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు దిగడం మానేస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు, కానీ మిగిలిపోయిన ఆమ్లమూ లోహమూ కణాలను చంపితే ఆ నింద గ్రాఫీన్ మీద పడుతుంది. అక్కడి నుంచి డయాలిసిస్ సంచిలో (చిన్న అయాన్లను మాత్రమే బయటికి వదిలే పొర సంచిలో) పోసి నీళ్లు మారుస్తూ ఉండండి. బయటి నీటిలో బేరియం క్లోరైడ్ వేసినప్పుడు తెల్లని అవక్షేపం రాకపోతే సల్ఫేట్ దాదాపు పోయినట్టే.

ఎంటీటీ ఒక్కటే అయితే సరిపోదు. బతికున్న కణాలు ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థాన్ని ఊదా రంగు ఫార్మజాన్‌గా మారుస్తాయని మనం లెక్కిస్తాం. గ్రాఫీన్ పదార్థాలు కణాలతో నిమిత్తం లేకుండానే ఆ మార్పును తేగలవు. మా ల్యాబ్‌లో కణాలు వేయని, స్కాఫోల్డ్ మాత్రమే ఉన్న ప్లేటు గుంటలో కూడా ఊదా రంగు కనిపించేది, అందుకే ఆ రీడింగును ప్రతిసారీ తీసివేసి లెక్క కట్టేవాళ్లం. దానికి తోడు, కణాల సంఖ్య తెలియడానికి డీఎన్ఏ పరిమాణాన్ని కొలవండి. బతికిన, చనిపోయిన కణాలకు వేర్వేరు మెరిసే రంగులు వేసే లైవ్-డెడ్ స్టెయినింగ్ కూడా మంచిదే, అయితే గ్రాఫీన్ ఆక్సైడ్ ఆ మెరుపును (ఫ్లోరోసెన్స్‌ను) అణచివేస్తుంది గనుక చిత్రం మసకగా ఉన్నంత మాత్రాన కణాలు చనిపోయాయని రాయకండి.

కణాలు లేని స్కాఫోల్డ్ రీడింగులను కూడా రిపోర్టులో అదే పట్టికలో, అసలు ఫలితాల పక్కనే చూపండి.