హైదరాబాద్ నుంచి ఢిల్లీ: దూరమెంత, విమానంలో ఎంతసేపు?

ప్రశ్న: మా నాన్నగారిని వైద్యం కోసం జనవరిలో ఢిల్లీకి తీసుకువెళ్లాలి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి దూరం ఒకచోట 1,260 కి.మీ. అని, మరోచోట 1,670 కి.మీ. అని చూశాను. ఏది సరైనది? విమానం గంటకు 800 కి.మీ.కు పైగా పోతుందంటారు కదా, మరి టికెట్టు మీద రెండుంబావు గంటలు ఎందుకు వేస్తారు?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీరు చూసిన రెండు అంకెలూ సరైనవే. మొదటిది శంషాబాద్, ఢిల్లీ విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన నేరుగా కొలిచిన దూరం, రెండోది రైలు పట్టాల దూరం. పటంలో చూస్తే ఢిల్లీ మనకు ఇంచుమించు నిట్టనిలువుగా ఉత్తరాన ఉంటుంది. రైలు మాత్రం సికింద్రాబాద్ నుంచి ముందు తూర్పుగా కాజీపేటకు వెళ్లి, అక్కడ ఉత్తరానికి మళ్లి, బల్లార్షా, నాగపూర్ దాటాక పడమరకు ఒరిగి ఇటార్సీ, భోపాల్, ఝాన్సీ, ఆగ్రాల మీదుగా చేరుతుంది. ఎక్కువైన నాలుగు వందల కి.మీ. ఈ చుట్టుదారివే.

ఇక సమయం సంగతి. టికెట్టు మీద వేసేది గాలిలో ఉండే సమయం కాదు. విమానం ఇక్కడ తన నిలుపుచోటు నుంచి కదిలినప్పటి నుంచి అక్కడ మళ్లీ నిలిచేదాకా పట్టే సమయం. రన్‌వే వరకు నెమ్మదిగా నడవడం, వంతు కోసం ఆగడం, దిగాక టెర్మినల్ దాకా రావడం, ఇవన్నీ అందులోనే ఉంటాయి. పైగా గంటకు 830 కి.మీ. వేగం పైకి చేరాక వచ్చేదే. 35,000 అడుగుల ఎత్తుకు ఎక్కడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. దిగడం గమ్యానికి సుమారు 200 కి.మీ. ముందే మొదలవుతుంది, 10,000 అడుగుల కిందికి వచ్చాక సాధారణంగా 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కి.మీ. మించకూడదు. అందుకే దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చే గంటన్నర లెక్క నిజంలో కుదరదు. దారిలో ఆలస్యమేమీ లేకపోతే విమానం చెప్పిన వేళకంటే ముందే దిగడమూ మామూలే.

మీరు వెళ్లేది జనవరిలో కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. ఆ నెలలో ఢిల్లీలో తెల్లవారుజామున దట్టమైన పొగమంచు పడుతుంది. అక్కడ మంచులోనూ దింపగల ఏర్పాట్లు ఉన్నా, విమానాల మధ్య ఎడం పెంచవలసి వస్తుంది, ఆలస్యాలు పేరుకుంటాయి. మధ్యాహ్నం చేరే విమానాన్ని ఎంచుకోండి. చక్రాల కుర్చీ కావాలని టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పండి.

అయితే కరీంనగర్ నుంచి శంషాబాద్ చేరడానికి మీరు ముందు నాలుగు గంటలకు పైగా దక్షిణంగా, అంటే ఢిల్లీకి ఎదురు దిశలో, ప్రయాణించాలి. అక్కడ రెండు గంటల ముందు ఉండాలి. ఇంటి గడప నుంచి ఆస్పత్రి గడపకు పది గంటలనే అనుకోండి. మీకు దగ్గరలోని రామగుండంలో ఢిల్లీ రైలెక్కితే దాదాపు ఒక రోజు పడుతుంది, కానీ నాన్నగారు పడుకుని వెళ్లవచ్చు. వారు అంతసేపు కూర్చోగలరో లేదో వైద్యుణ్ని అడిగాకే టికెట్టు తీసుకోండి.