సమాధానం: తైజేలో ప్రతి ఆదివారం స్నేహితులు వెళ్లిపోతుంటే

చెల్లీ, జర్మనీలో చదువు అయ్యాక మూడు నెలలకని ఫ్రాన్స్‌లోని తైజేకి, యువత వారానికని వచ్చిపోయే ఆ క్రైస్తవ మఠానికి, వాలంటీరుగా వెళ్లావు. పరిచయమైన వాళ్లంతా ఆదివారం బస్సెక్కేస్తున్నారు, గిన్నెలు తోమడం తప్ప సేవ అనిపించేదేమీ లేదు అన్నావు. నేనూ అక్కడ ఒక వేసవి గడిపాను, రెండో వారంలో నాకూ ఇదే దిగులు.

ముందు ఒక మాట: వారానికొకసారి మారిపోయే వాళ్లలో ప్రాణస్నేహం వెతక్కు. నీలాగే నెలల తరబడి ఉండే వాలంటీర్లే నీ ఇంటివాళ్లు. నాకు దొరికిన స్నేహం గిన్నెల తొట్టి దగ్గరే. పోలండ్ అమ్మాయి. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా ఒక వాక్యం పూర్తయ్యేది కాదు! ఇప్పటికీ క్రిస్మస్‌కి ఫోన్ చేస్తుంది.

గిన్నెలు చిన్న పనేం కాదు. 1940లో, ఆ మఠాన్ని తర్వాత స్థాపించిన బ్రదర్ రోజే ఆ బర్గండీ పల్లెకి వచ్చి, యుద్ధానికి భయపడి పారిపోయి వచ్చినవాళ్లకి తలదాచుకునే చోటిచ్చాడు. అక్కడి సేవ అలా మొదలైంది: చోటు, ఇంత తిండి. అయినా విసుగొస్తే ఆదివారం మధ్యాహ్నం కొత్తవాళ్లని ఆహ్వానించే జట్టులో వెయ్యమని అడుగు. బరువు సంచులతో దిక్కుతోచక నిలబడతారు, గుడారాలెక్కడో కుళాయెక్కడో నీకు తెలుసు. వెళ్లిపోయేవాళ్ల గురించి బెంగపడే తీరికుండదు.

దిగులు మరీ ఎక్కువైతే అక్కడ సాయపడే సన్యాసినులు, సెయింట్ ఆండ్రూ సిస్టర్లతో మాట్లాడు, అమ్మాయిల మాట ఓపిగ్గా వింటారు. రాత్రి అందరూ చేరి కబుర్లాడుకునే ఓయాక్ అనే చిరుతిళ్ల కొట్టు దగ్గర ఫోన్ జేబులో పెట్టి కూర్చో.

అన్నట్టు, ఆవకాయ సీసా పట్టుకెళ్లావా? ఆ చప్పిడి తిండిలో నా చుట్టూ జనం చేరింది దానివల్లే.