ఏసీ చల్లబడకపోతే గ్యాస్ అయిపోయినట్టేనా?

కాదు, ఏసీ నడుస్తున్నా గది చల్లబడటం లేదంటే ముందు చూడాల్సింది గ్యాస్ కాదు, దుమ్ము పట్టిన ఫిల్టర్.

పెట్రోలు మండి అయిపోయినట్టు ఏసీ గ్యాస్ ఖర్చు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఆవిరిగా, మళ్లీ ద్రవంగా మారుతూ గదిలోని వేడిని మోసుకెళ్లి బయటి యూనిట్ దగ్గర వదిలేస్తుంది. ఇది జరగాలంటే లోపలి యూనిట్‌లోని కాయిల్ (ఆ గొట్టాల చుట్ట) మీదుగా గాలి ధారాళంగా వెళ్లాలి. ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి, కాయిల్ 0 డిగ్రీల కంటే కిందికి చల్లబడి మంచు కడుతుంది. ఆ మంచు మిగిలిన దారిని కూడా మూసేస్తుంది.

ఉదాహరణకు, ఏసీ ఆన్ చేసిన కాసేపు చల్లగానే ఉండి, రెండు మూడు గంటలకు గాలి సన్నగిల్లి, ఆపగానే లోపలి యూనిట్ నుంచి నీళ్లు టపటపా కారాయనుకోండి. అది కరుగుతున్న మంచు కావచ్చు. మంచు పూర్తిగా కరగనిచ్చి, ఫిల్టర్ తీసి కడిగి, బాగా ఆరాక పెట్టి చూడండి. చాలాసార్లు దీంతోనే సరిపోతుంది. బయటి యూనిట్‌కు వస్తువులు అడ్డం ఉంటే వాటినీ జరపండి.

ఏటా గ్యాస్ నింపించాలన్నది చాలామందికి ఉన్న అపోహ. ఫిల్టర్ శుభ్రంగా ఉన్నా మళ్లీ మంచు కడితే గ్యాస్ తగ్గిందేమో మెకానిక్‌కు చూపించాలి. నిజంగా తగ్గితే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. దాన్ని వెతికి మూయకుండా నింపితే ఆ గ్యాస్ కూడా పోతుంది, డబ్బూ పోతుంది.