విసిరిన విమానం ఎడమకే ఎందుకు ఒరుగుతుంది?

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయికి ఫోమ్‌తో చేసిన రేడియో కంట్రోల్ ట్రైనర్ (నేర్చుకునేవారి) విమానం కొనిచ్చాను. చక్రాలు లేవు కనుక చేత్తోనే విసరాలి. ఎంత బలంగా పైకి విసిరినా నాలుగు బారలు పోయి, ఎడమవైపు ఒరిగి నేలకు గుద్దుకుంటోంది. లోపం మోటారుదా, మాదా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మోటారును ఇప్పుడే అనుమానించనక్కర లేదు. పైకి విసరడమే ముఖ్య కారణంగా కనిపిస్తోంది. రెక్క మీదుగా గాలి తగినంత వేగంతో సాగితేనే విమానాన్ని నిలబెట్టే బలం పుడుతుంది. ముక్కును ఆకాశం వైపు ఎత్తి విసిరినప్పుడు మీ చేతి బలమంతా ఎత్తుకే ఖర్చయి, వేగం పడిపోయి, రెక్క స్టాల్ అవుతుంది, అంటే నిలబెట్టే బలాన్ని కోల్పోతుంది. ఎడమకే ఒరగడానికి కారణం ప్రొపెల్లర్. వెనక నుంచి చూసినప్పుడు అది గడియారపు ముల్లులా తిరుగుతుంది కనుక, దాని ప్రతిచర్య విమానాన్ని ఎడమకు తోస్తుంది. వేగం ఉంటే ఏలరాన్లు (ఒరుగును సరిచేసే, రెక్కల వెనకంచు పలకలు) దానిని ఇట్టే సరిదిద్దుతాయి కానీ, వేగం లేనప్పుడు వాటికి పట్టు చిక్కదు. పడిపోతోందన్న కంగారులో ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) స్టిక్‌ను వెనక్కి లాగితే స్టాల్ ఇంకా ముదురుతుంది.

అందువల్ల గాలికి ఎదురుగా నిలబడి, రెక్కలను సమంగా పట్టుకుని, థ్రాటిల్‌ను (మోటారు వేగాన్ని) ముప్పావు వంతు వరకు పెంచి, బల్లెం విసిరినట్టు తిన్నగా ముందుకు వదలండి. ముక్కు కాస్త పైకి ఉంటే చాలు. మొదట్లో విసరడం మీ వంతు, రెండు బొటనవేళ్లూ స్టిక్‌ల మీద ఉంచి నడపడం అబ్బాయి వంతు. కనీసం యాభై అడుగుల ఎత్తు అందుకునే వరకు మలుపు తిప్పవద్దని అతనికి గట్టిగా చెప్పండి. ప్రొపెల్లర్ రెక్క వెనక ఉండే మోడల్ అయితే, విమానం చెయ్యి దాటిన తరువాతే థ్రాటిల్ పెంచాలి. లేకపోతే వేళ్లు తెగుతాయి.

ఆ తరువాత చూడవలసింది బరువు. మామూలు ట్రైనర్‌లో సీజీ, అంటే గరిమనాభి, రెక్క ముందంచు నుంచి రెక్క వెడల్పులో (ముందంచు నుంచి వెనకంచు వరకు) 25 నుంచి 30 శాతం దూరంలో ఉండాలి. వెడల్పు 20 సెంటీమీటర్లయితే అది 5 నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. అక్కడ రెండు రెక్కల కింద వేళ్లు ఆనించి ఎత్తినప్పుడు తోక కిందికి వాలితే, బ్యాటరీని ముందుకు జరపండి. తోక బరువైన విమానాన్ని అనుభవజ్ఞులు కూడా అదుపు చేయలేరు.

ఎగరేసే ప్రతిసారీ ముందు ట్రాన్స్‌మీటర్‌ను (చేతిలోని రిమోట్‌ను) ఆన్ చేసి, ఆ తరువాతే విమానంలో బ్యాటరీ కలపాలి. దిగాక ముందు బ్యాటరీ తీసి, చివరగా ట్రాన్స్‌మీటర్‌ను ఆపాలి. విమానం వెనక నిలబడి స్టిక్‌ను కుడికి తోస్తే కుడి ఏలరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. ఇది తలకిందులైతే గాలిలో దిద్దుకునే వ్యవధి ఉండదు. ప్రొపెల్లర్ విప్పేసి, థ్రాటిల్ కొద్దిగా పెంచి ట్రాన్స్‌మీటర్‌ను ఆపి చూడండి. మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే మోటారును దానంతటదే ఆపే ఏర్పాటు) పెట్టలేదన్నమాట. అది సరిచేసే వరకు మైదానానికి వెళ్లవద్దు.

ప్రశ్న: దుండిగల్ వైపు ఖాళీ స్థలం ఉంది. అక్కడ ఎగరేయవచ్చా? లైసెన్సు కావాలా?
– ఒక పాఠకురాలు, కుత్బుల్లాపూర్

జవాబు: దుండిగల్‌లో ఉన్నది వైమానిక దళ అకాడమీ. శిక్షణ విమానాలు తిరిగే ఆ పరిసరాలను వదులుకోండి. హకీంపేట, బేగంపేట, శంషాబాద్‌లలోనూ రన్‌వేలు ఉన్నందువల్ల మన నగరంలో ఖాళీ జాగా కనిపించినంత మాత్రాన ఎగరేయవచ్చని అనుకోకూడదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం, నడుస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల ఎగరేయాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకు, 12 కిలోమీటర్లు దాటాక 400 అడుగుల వరకు సాధారణంగా గ్రీన్ జోన్, అంటే ముందస్తు అనుమతి అక్కరలేని ప్రాంతం. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరేయకూడని రెడ్ జోన్లు ఎక్కడున్నాయో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో బయలుదేరే రోజునే చూసుకోండి. రెండు కిలోలు మించని మోడల్‌ను సరదాకు ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ (2022కు ముందు దీన్ని లైసెన్సు అనేవారు) అక్కరలేదు కానీ, ఆ మినహాయింపు జోన్ల నిబంధనకు వర్తించదు.

స్థలం దొరికాక, చూడవచ్చినవారందరినీ మీ వెనక నిలబెట్టండి. వారి తలల మీదుగా విమానం పోకూడదు. సంక్రాంతి రోజుల్లో మాత్రం ఈ సరదాను వాయిదా వేయడం మేలు, ఎందుకంటే తెగిన మాంజా గాలిలో కంటికి కనిపించదు, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే మోటారు అక్కడికక్కడే బిగుసుకుపోతుంది.